దీవుల ప్యాకేజీ కరపత్రాల్లో రాయని లెక్కలు

సంపాదకులు గారికి,

ఆదివారం పత్రికలో మడిచి వచ్చే రంగు కరపత్రాల్లో ఈమధ్య ప్లాట్ల వెంచర్ల పక్కనే దీవులు కూడా చేరాయి. నీళ్ల మీద కట్టిన గది, పెద్ద అక్షరాల్లో ఒక ధర, ఆ ధర నెత్తిన కనబడీ కనబడని నక్షత్రం గుర్తు. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మారిషస్, సీషెల్స్, ఫిజీ లాంటి దూరపు దీవులకు లక్షలు పెట్టి వెళ్లాలనుకునేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. ఆ నక్షత్రం వెనక ఏముందో వాళ్లకు ముందే తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయగలరని మనవి.

చిక్కంతా ఎక్కడ మొదలవుతుందంటే, అందరూ గది ఫొటో చూసి బయానా ఇచ్చేస్తారు. వరుస తలకిందులుగా ఉండాలి. ముందు మనకు సెలవు దొరికే నెల, ఆ నెలలో వాతావరణం బాగుండే దీవి, అక్కడ విమానం దిగే వేళ, ఆ వేళకు దొరికే పడవ లేదా చిన్న విమానం, చిట్టచివర గది.

నెల సంగతి చూద్దాం. మన పిల్లలకు ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా. సరిగ్గా మే నెలలోనే మాల్దీవుల్లో నైరుతి గాలులు మొదలై అక్టోబరు దాకా వానలు, అలలు. అదే మే నెలలో మారిషస్, పసిఫిక్ సముద్రంలోని ఫిజీ, తహితి, బోరాబోరాల్లో తుపానుల కాలం ముగిసి పొడి వాతావరణం మొదలవుతుంది, ఎందుకంటే అవి భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాయి. మనకు రోహిణి కార్తె అయితే వాళ్లకు చలికాలపు గుమ్మం. కాబట్టి ఎండాకాలం సెలవులకు చవగ్గా దొరికే మాల్దీవుల ప్యాకేజీ చవగ్గా ఎందుకుందో అడగండి. ఆ నెలల్లో ధర తగ్గేది వాన వల్లే.

సంక్రాంతికి లెక్క తిరగబడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు మాల్దీవులకు మంచి రోజులు, మారిషస్‌కు తుపానుల రోజులు. 2024లో సరిగ్గా సంక్రాంతి నాడే, జనవరి 15న, బెలాల్ తుపాను మారిషస్‌ను తాకి రాజధాని పోర్ట్ లూయీ వీధులు వరద పాలయ్యాయి, విమానాశ్రయం మూసేశారు. అక్కడ జనవరి నుంచి మార్చి వరకు బుకింగ్ చేసుకుంటే తుపాను వస్తే డబ్బు వాపసా, తేదీ మార్పా, రెండూ లేవా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. మాఘమాసం పెళ్లిళ్ల వాళ్లు ఇది మరీ గమనించాలి. శ్రావణంలో పెళ్లయితే మారిషస్‌కు నిక్షేపంగా వెళ్లవచ్చు, అయితే తూర్పు తీరం వద్దు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆగ్నేయ గాలి ఆ తీరంలోని బెల్ మార్ వైపు గట్టిగా కొడుతుంది. అదే రోజున పడమటి తీరంలోని ఫ్లిక్ ఎన్ ఫ్లాక్‌లో సముద్రం శాంతంగా ఉంటుంది. రెండు ఊళ్లకూ కారులో గంటన్నరకు మించిన దూరం ఉండదు గానీ సెలవు మొత్తం మారిపోతుంది. కరపత్రంలో "బీచ్ రిసార్ట్" అని మాత్రమే ఉంటుంది, ఏ తీరమో ఉండదు.

దసరా సెలవులకు మారిషస్, సీషెల్స్ రెండూ బాగుంటాయి. సీషెల్స్‌లో మాహె, ప్రాలిన్, లా దీగ్ దీవులు భూమధ్యరేఖకు బాగా దగ్గర కాబట్టి తుపానుల దారిలో పడవు. కానీ మే నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ గాలికి మాహె నుంచి ప్రాలిన్ వెళ్లే గంట పడవ ప్రయాణంలో కడుపులో తిప్పడం ఖాయం, కొన్ని తీరాలకు నాచు కొట్టుకొస్తుంది. ఏప్రిల్‌లోనూ, అక్టోబరు, నవంబరు నెలల్లోనూ గాలి మారే వేళ సముద్రం నిలకడగా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో అక్కడ వానలు ఎక్కువ.

ఇక దిగే వేళ. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కరపత్రాల్లో దీని గురించి ఒక్క ముక్క ఉండదు. మాల్దీవులను ఉదాహరణగా తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. దూరపు రిసార్టులకు తీసుకెళ్లే సీప్లేన్లు, అంటే నీళ్ల మీద దిగే చిన్న విమానాలు, పగటి వెలుతురులోనే ఎగురుతాయి. రాజధాని మాలెలో మన విమానం మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగితే ఆ రోజు సీప్లేన్ అందనట్టే అనుకోవాలి. అప్పుడు మాలెలోనో పక్కనున్న హుల్హుమాలెలోనో రాత్రి ఉండాలి, ఆ ఖర్చు మనదే. పైగా ఆ రాత్రికి రిసార్టులో కూడా గది తీసుకుని ఉంటే ఖాళీ గదికి అద్దె కట్టినట్టు. స్పీడ్‌బోట్లు, దేశీయ విమానాలు రాత్రి కూడా నడుస్తాయి. కాబట్టి సాయంత్రం దిగే టికెట్టు దొరికితే పడవలో చేరగల దగ్గరి రిసార్టు చూసుకోవాలి, లేకుంటే టికెట్టు మార్చుకోవాలి.

అక్కడ ఇంకో తమాషా ఉంది. మాల్దీవుల గడియారం మనకంటే అరగంట వెనక. చాలా రిసార్టులు మాత్రం అతిథులకు పగలు ఎక్కువసేపు ఉండాలని తమ దీవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకుంటాయి. ఫోన్‌లో మాలె టైము, గోడ మీద దీవి టైము. తిరుగు ప్రయాణపు సీప్లేన్ వేళ ముందురోజు సాయంత్రం చీటీ మీద రాసి ఇస్తారు. ఆ చీటీలో ఉన్నది ఏ టైమో రిసెప్షన్‌లో నోరు విప్పి అడగాలి.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. టికెట్టు మీద 12వ తేదీ తెల్లవారుజామున 2.30 అని ఉంటే మీరు ఇల్లు కదలాల్సింది 11వ తేదీ సాయంత్రం. 12వ తేదీ రాత్రి శంషాబాద్ చేరి లబోదిబోమనే వాళ్లు ఉన్నారు. పాలమూరు వాళ్లకు 44వ జాతీయ రహదారి మీద ఊళ్లోకి పోకుండానే విమానాశ్రయం వచ్చేస్తుంది. నల్లగొండ నుంచి విజయవాడ రోడ్డు మీద వచ్చేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ ఎక్కాలి. పండగ ముందురోజుల్లో టోల్ గేట్ల దగ్గర వరుస ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి, గంట ముందు చెక్-ఇన్ మూసేస్తారు.

హైదరాబాద్ నుంచి ముంబయికి ఒక టికెట్టు, ముంబయి నుంచి మారిషస్‌కు వేరే టికెట్టు కొని రెండు వేలు మిగిలిందని చూపే ఏజెంట్లు ఉంటారు. ఒప్పుకోవద్దు. మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే ఎవరి బాధ్యతా ఉండదు, కొత్త టికెట్టు కొనుక్కోవాల్సిందే. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. చెక్-ఇన్ దగ్గర పెట్టెకు కట్టే కాగితం ముక్క మీద చివరి ఊరి గుర్తు చూడండి. మారిషస్‌కు ఎం.ఆర్.యు., సీషెల్స్‌కు ఎస్.ఇ.జెడ్., తహితికి పి.పి.టి. ఉండాలి. ముంబయి గుర్తే ఉంటే పెట్టె అక్కడే దిగిపోతుంది.

ధర సంగతి. "రాత్రికి 600 డాలర్లు ప్లస్ ప్లస్" అని ఉందనుకుందాం. ఆ రెండు ప్లస్‌లలో ఒకటి పది శాతం సర్వీస్ చార్జీ, రెండోది పర్యాటక జీఎస్టీ, మాల్దీవుల్లో 2025 జులై నుంచి 17 శాతం. రెండోది మొదటిదాన్ని కలిపిన మొత్తం మీద వేస్తారు. ఇద్దరికి నాలుగు రాత్రుల గది 2,400 డాలర్లు. సర్వీస్ చార్జీతో 2,640. జీఎస్టీతో దాదాపు 3,089. ఆపైన మనిషికి రోజుకు 12 డాలర్ల గ్రీన్ టాక్స్, అంటే 96. సీప్లేన్ రానుపోను మనిషికి 500 అనుకుంటే 1,000. చివరికి తేలింది 4,185 డాలర్లు. విమాన టికెట్టు, మధ్యాహ్న భోజనం ఇంకా మొదలే కాలేదు. హాఫ్ బోర్డ్ అంటే పొద్దున టిఫిన్, రాత్రి భోజనం మాత్రమే, నీళ్ల సీసాకు కూడా బిల్లు వేసే చోట్లున్నాయి. దీవికి ఒకటే రిసార్టు ఉన్నచోట బయటికెళ్లి తిందామంటే ఎదురుగా సముద్రమే. డిసెంబరు 24న, 31న చాలా రిసార్టులు విందు పేరిట తప్పనిసరి చార్జీ వేస్తాయి, తిన్నా తినకున్నా కట్టాలి. మారిషస్, సీషెల్స్‌లలో కూడా రాత్రికి ఇంతని పర్యాటకుల రుసుము ఉంది, చిన్నదే గానీ ప్యాకేజీలో కలిసిందో లేదో అడగాలి.

ఇక్కడ మన దేశం వేసే టీసీఎస్ ఒకటుంది. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే అమ్మేవాళ్లు ఆదాయపు పన్ను కింద కొంత వసూలు చేసి ప్రభుత్వానికి కడతారు. 2023 అక్టోబరులో ఏడాదికి 7 లక్షలు దాటిన మొత్తానికి 20 శాతం చేశారు, 2025 ఏప్రిల్‌లో ఆ గీతను 10 లక్షలకు జరిపారు, 2026 ఏప్రిల్ నుంచి ఆ గీత తీసేసి మొత్తం మీద 2 శాతం చేశారు. బడ్జెట్ బడ్జెట్‌కూ మారే సంగతి కాబట్టి డబ్బు కట్టే రోజున ఉన్న రేటే చూసుకోండి. ముఖ్యమైనది ఏమిటంటే ఇది పోయే డబ్బు కాదు. ఎవరి పాన్ మీద కట్టారో వాళ్ల ఆదాయపు పన్ను ఖాతా వివరాల్లో కనబడుతుంది, రిటర్న్ వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది, లేదా వాపసు వస్తుంది. మన వైపు వ్యవసాయ ఆదాయమే ఉన్నవాళ్లు చాలామంది రిటర్న్ వేయరు. వేయకపోతే ఆ డబ్బు రాదు. కాబట్టి కుటుంబంలో రిటర్న్ వేసే మనిషి పాన్ ఇచ్చి, ఆ మనిషి ఖాతాలోంచే డబ్బు కట్టడం తెలివి. ఆధార్‌తో జతకాని పాన్ ఇస్తే రేటు పెరుగుతుంది. ఇక ఏజెంటు రెండు లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. "క్యాష్ అయితే తగ్గిస్తా" అన్నాడంటే రసీదు కూడా తగ్గించే రాస్తాడని అర్థం.

బోరాబోరా ఫొటోలు చూసి మోజుపడే వాళ్లకు ఒక మాట. అది ఫ్రాన్స్ పాలనలోని ఫ్రెంచ్ పాలినీషియాలో ఉంది, మనకంటే పదిహేనున్నర గంటలు వెనక. యూరప్ షెంగెన్ వీసా ఉంటే చాలనుకుంటారు, ఆ ప్రాంతానికి చెల్లుతుందని రాసి ఉన్న ఫ్రెంచ్ వీసా అడగాలి. అమెరికా మీదుగా వెళ్తే విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాలి, పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. న్యూజిలాండ్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా. వెళ్లడానికీ రావడానికీ కలిపి మూడు నాలుగు రోజులు దారిలోనే పోతాయి. పది రోజుల కంటే తక్కువ సెలవుంటే దాని జోలికి పోకపోవడమే మంచిది. మారిషస్, ఫిజీలు మనవాళ్లకు అక్కడ దిగాకే ఉచితంగా ప్రవేశ అనుమతి ఇస్తాయి. సీషెల్స్‌కు వీసా లేదు గానీ బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. మాల్దీవులకు ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా అనే ప్రయాణికుల ఆన్‌లైన్ ఫారం నింపాలి. ఇవన్నీ ప్రభుత్వ సైట్లలోనే చేయాలి. వెతకగానే పైన కనబడే ప్రైవేటు సైట్లు ఉచితమైన దానికి కూడా ఫీజు గుంజుతాయి.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ తపాలా కార్యాలయాల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి, సికింద్రాబాద్ పరుగెత్తనక్కర్లేదు. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుందని మరిచిపోతారు. మన పేర్లతో ఒక ఇబ్బంది ఉంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉన్న పాస్‌పోర్టులు మన వైపు చాలా ఉన్నాయి. ఇలాంటి పేరును టికెట్టులో ఎలా రాయాలో ఒక్కో విమాన సంస్థకు ఒక్కో పద్ధతి. ఏజెంటు తోచినట్టు కొడితే విమానాశ్రయంలో ఆపుతారు. కొత్త పెళ్లికూతురు టికెట్టు పాస్‌పోర్టులో ఉన్న పుట్టింటి పేరుతోనే ఉండాలి, దాన్ని మార్చడానికి కంగారు పడొద్దు. ఒంటి మీది నగలకు శంషాబాద్‌లో బయల్దేరేటప్పుడే కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. తీసుకోకపోతే తిరిగొచ్చేటప్పుడు అవి అక్కడ కొన్నవి కావని రుజువు చేసుకోవాల్సి రావచ్చు.

సామాను సర్దే దగ్గర మన వంటింటికి విదేశీ చట్టాలకు పడదు. గసగసాలు గల్ఫ్ దేశాల్లోనూ, సింగపూర్‌లోనూ మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తాయి. గసగసాలు వేసి దంచిన ఇంటి మసాలా డబ్బా దుబాయ్, దోహా మీదుగా పోయే పెట్టెలో పెట్టొద్దు, అక్కడ దిగకుండా విమానం మారినా సరే. గుట్కా, ఖైనీ సింగపూర్‌లో నేరం. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, మంటలు అంటుకునే గుణం ఉంది కాబట్టి చెక్-ఇన్ సామానులో రానివ్వరు. ఆవకాయ, నెయ్యి చేతిసంచీలో పెడితే తీసి పక్కన పడేస్తారు. చెక్-ఇన్‌లో పెట్టేటట్టయితే సీసాకు రెండు పొరల ప్లాస్టిక్ చుట్టి మూతకు టేపు వేయాలి. మే నెలలో కొల్లాపూర్ మామిడిపండ్లు తీసుకెళ్లాలనిపిస్తుంది, ఈ దీవులన్నీ పురుగూ తెగులూ రాకుండా తాజా పండ్లను, విత్తనాలను గుమ్మంలోనే ఆపేస్తాయి. ఫిజీ ఇంకా కఠినం. తినే వస్తువు ఏదున్నా ఫారంలో "ఉంది" అని రాయాలి. రాసి చూపిస్తే తీసుకుని వదిలేస్తారు, దాచి దొరికితే జరిమానా. మాల్దీవుల్లో మద్యం, పంది మాంసం, ఈ-సిగరెట్లతో పాటు పూజించే విగ్రహాలు కూడా నిషేధం. బ్యాగులో చిన్న వెంకన్న విగ్రహం పెట్టుకునే అలవాటున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

పెద్ద విమానంలో 30 కిలోలు ఒప్పుకున్నారని నింపేస్తే సీప్లేన్ దగ్గర తూకం పడుతుంది. అక్కడ సాధారణంగా 20 కిలోలు, చేతిసంచీ ఐదు. ఎక్కువైన ప్రతి కిలోకు డాలర్లు కట్టాలి. పవర్ బ్యాంకు చేతిసంచీలోనే ఉండాలి. ఇన్సులిన్ కూడా అంతే, సరుకుల అరలో చలికి గడ్డకట్టి పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. మాత్రలతో పాటు వాటి అసలు మందు పేరు రాసిన డాక్టరు చీటీ ఉండాలి. మారిషస్, సీషెల్స్, మాల్దీవుల్లో మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్గు వాడతారు. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా వెళ్తూ అక్కడ విమానాశ్రయం దాటి బయటికి అడుగుపెడితే తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా పత్రం కావాలి. టీకా పది రోజుల ముందే వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

ఇప్పుడు గది. నీళ్ల మీది విల్లాలు పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు అంత సుఖం కాదని నా అభిప్రాయం. రిసెప్షన్ నుంచి చెక్కవంతెన మీద అర కిలోమీటరు నడక ఉండొచ్చు, బగ్గీ కోసం ఎదురుచూడాలి. వరండాకు చాలాచోట్ల కటకటాలు ఉండవు, మెట్లు దిగితే నీళ్లే. అందుకే చాలా రిసార్టులు ఒక వయసు లోపు పిల్లలను ఆ గదుల్లోకి అనుమతించవు, బుకింగ్ అయ్యాక ఈ సంగతి బయటపడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటే రెస్టారెంటుకు దగ్గర్లో ఇసుక మీది విల్లా అడగండి, అది చవక కూడా. నీళ్ల విల్లా మోజు తీరాలంటే ఆఖరి రెండు రాత్రులు అందులో, మిగతావి ఇసుక మీద. ఇలా గది మార్చుకోవడానికి చాలా రిసార్టులు ఒప్పుకుంటాయి.

ప్రయాణ బీమాలో ఆసుపత్రి ఖర్చు ఎంతన్నది ఒక్కటే చూడకండి, దీవి నుంచి పెద్ద ఊరికి విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో చూడండి. స్కూబా డైవింగ్‌ను చాలా పాలసీలు మినహాయిస్తాయి. డైవ్ చేసేవాళ్లు ఆఖరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు వదలాలి, లేకపోతే ఒంట్లో మిగిలిన నత్రజని బుడగలు కట్టి ప్రాణం మీదికి వస్తుంది. తిరుగు ప్రయాణం ముందురోజు ప్యాకేజీలో "ఉచిత డైవ్" ఉంటే తీయించేయండి.

ఈ వ్యాపారంలో నిజాయితీపరులు లేకపోలేదు. వాళ్లకైనా మంచిదే, కరపత్రంలో నాలుగు సంగతులు తప్పక అచ్చు వేయాలని ప్రకటనలు తీసుకునే పత్రికలు అడగవచ్చు కదా: ధరలో చేరని పన్నులు, దీవికి చేర్చే ఖర్చు, విమానం దిగే వేళ, రద్దు చేస్తే కోత ఎంత. మోసపోయినవాళ్లు కరపత్రం, వాట్సాప్ సంభాషణ, బ్యాంకు రసీదు పారేయకుండా ఉంచుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఏజెంటు ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, ముంబయిలో ఉన్నా, మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్